గనుల విద్య – సంతకపు బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. పగలు సహకార సంఘపు లెక్కలు, రాత్రి రామాయణ భారతములు, ఇదియే నా వ్యాసంగము. మా తాతగారు ఈ యూరి కరణము. ఆ పదవి 1984లో రద్దయినను, లెక్కలు వ్రాయువాడను గనుక నన్ను గూడ ఊరివారు నేటికిని కరణముగారనియే పిలుచుచున్నారు. గురుముఖమున చదువని నాకు కావ్యములలో దారి చూపినది ఈ గ్రంథాలయపు బీరువాలే. కావున నేడు నేను సాహిత్యమును గూర్చి ముచ్చటింతునని మీరనుకొని యుందురు. నేనెన్నుకొన్న విషయము గనుల ఇంజనీరింగు విద్య.

కారణము మనవి చేసెదను. వేసవి వచ్చినచో మన పఠనాలయమున కథల పుస్తకముల కన్న కళాశాలల ప్రవేశ ప్రకటనలకే గిరాకి హెచ్చు. ఈ యేడు అట్టి ప్రకటన నొకదానిని పట్టుకొని ఒక తల్లి కుమారునితో నా యొద్దకు వచ్చినది. "అన్నయ్యగారూ, అందరి పిల్లలూ మేడల్లో కూర్చుని కంప్యూటర్ల ముందు పనిచేస్తుంటే, మావాడు నేలలోకి దిగే చదువు చదువుతానంటున్నాడండీ. మీరైనా నచ్చచెప్పండి" అని వాపోయినది. ఆ పిల్లవాడు, "మామయ్యగారూ, చదువైపోగానే ఉద్యోగం వస్తుందటండీ. జీతం కూడా బాగానే ఉంటుందట" అనెను. తల్లి ప్రాణమును గూర్చి చెప్పుచున్నది, కొడుకు జీతమును గూర్చి చెప్పుచున్నాడు. ఇద్దరి మాటలును నిజమే. కాని ఆ విద్య మనుష్యుని కేమి నేర్పును, అతనిని ఎట్టి బాధ్యతకు సిద్ధపరచును అను సంగతి వారిలో ఎవరును ఎత్తలేదు. ఆ సంగతియే నేటి నా ప్రసంగము. పుస్తకములు, పత్రికలు చదివియు, బొగ్గు గనులలో పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దల నడిగియు తెలిసికొన్న దానిని మీ ముందుంచుచున్నాను.

భూమిని త్రవ్వుట మనకు క్రొత్త గాదు. బాలకాండమున సగరపుత్రుల కథ అందరు నెరిగినదే. అరువది వేలమంది, బలవంతులు, యాగాశ్వము కొరకు భూమిని చీల్చిరి. భూమి ఆక్రోశించెను, అందలి ప్రాణులు నశించెను, వారికి చీమ కుట్టినట్లైన లేదు. చివరకు కపిలమహర్షి యెదుట భస్మమైరి. పిమ్మట వారి యన్న కుమారుడు అంశుమంతుడు అదే దారిని దిగెను. అతడు ఒక్కడే. పినతండ్రులు త్రవ్విన మార్గముననే పోవుచు, భూమిని మోయు దిగ్గజములకు ఒక్కొక్కదానికి ప్రదక్షిణము చేసి, కుశలమడిగి, దారి తెలిసికొని, గుఱ్ఱమును వెనుకకు తెచ్చెను. త్రవ్వుటకు బలము చాలును, తిరిగి వచ్చుటకు వినయము, విచారణ కావలయును. గనుల విద్య అంతయు నాకీ కథయందే కానవచ్చుచున్నది. భూభారమును మోయుచున్నదేదో తెలిసికొని, దానికి మ్రొక్కి, అడిగి, అటుపిమ్మట అడుగు వేయుటయే ఆ విద్య.

కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున గనుల కొక అధ్యక్షుని నియమింపుమని యున్నది. ఆకరాధ్యక్షుడను నతడు ధాతుశాస్త్రమును, లోహములను కరగించు విధానమును, మణుల వన్నెలను స్వయముగా నెరిగినవాడై యుండవలెను, లేదా అట్టివారిని తోడు చేసికొనవలెను. వ్యయభారము హెచ్చుగా నుండు గనులను పాలునకో, గుత్తకో ఇచ్చివేసి, తేలికగా నడచువానిని ప్రభుత్వమే నడపుకొనవలెనని కూడ ఆయన చెప్పెను. సుమారు రెండువేల యేండ్ల నాటి ప్రాచీన గ్రంథమున గనికి చదువు వచ్చినవాడు కావలయునని యుండగా, నేడు ఆ చదువును చిన్నచూపు చూచుట మనకు తగదు.

మన తెలుగునేల గనులకు పుట్టినిల్లు. కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపు గనిని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దర్శించెను. అచట స్త్రీలు, పురుషులు, పిల్లలు కలసి ఇంచుమించు 60,000 మంది పనిచేయుచుండిరని ఆయన వ్రాసెను. సగరపుత్రుల సంఖ్యయే! వజ్రములు దేశదేశముల కిరీటములకు పోయినవి. త్రవ్వినవారి పేరొక్కటియు మనకు మిగులలేదు. ఇక బొగ్గు సంగతి. 1871లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ అను పేరు ఏర్పడెను. అచటి బొగ్గు పొరలలో నొకటి నేటికిని కింగు పేరనే వ్యవహరింపబడుచున్నది.

గనులకు చదువులు నేర్పు శాలలు మాత్రము ఆలస్యముగా వచ్చినవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1923లో గనుల విద్య, లోహవిద్య ఆరంభమైనవి. ధన్‌బాదులో 1926లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్సు నెలకొన్నది, అదియే 2016లో ఐ.ఐ.టి. అయ్యెను. మనకు దగ్గరగా కొత్తగూడెములో 1978లో స్కూల్ ఆఫ్ మైన్సు వెలసి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు, తరువాత కాకతీయ విశ్వవిద్యాలయమునకు చెంది యుండెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము దానిని భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా పెంచి డాక్టరు మన్మోహన్ సింగు పేరు పెట్టినది.

దారులు రెండు. పదవ తరగతి పిమ్మట పాలిసెట్టు వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదువుట ఒకటి. ఇంటరు పిమ్మట ప్రవేశ పరీక్ష వ్రాసి నాలుగేండ్ల బి.టెక్. చదువుట మరియొకటి. డిప్లొమా ముగించినవాడు ఈసెట్టు వ్రాసి డిగ్రీ రెండవ సంవత్సరమున చేరవచ్చును. బీదయింటి పిల్లవానికి ఈ మెట్లదారి మేలైనది. మొదటి మెట్టుననే సంపాదన దొరకవచ్చును, పై మెట్టు మూసియుండదు.

ఇక ఆ కళాశాలలో ఏమి నేర్పుదురు? గడ్డపార పట్టుట నేర్పుదురని కొందరి భ్రమ. గణితము, భౌతికశాస్త్రము పునాదిగా, భూగర్భ శాస్త్రము, సర్వే, శిలల బలమును కొలుచు శాస్త్రము, గాలి ప్రసారము, మందుగుండు ప్రయోగము, యంత్రములు, నీటి తోడకము, పర్యావరణము, గనుల చట్టము, ఇన్ని కలిసిన విద్య అది. వానిలో కొన్నింటిని మాత్రము విప్పి చెప్పెదను.

మొదటిది సర్వే. ఇది మా కరణపు వంశమునకు దగ్గరి విద్య గనుక ముందు చెప్పుచున్నాను. పొలమున గట్టు తప్పుగా కొలిచినచో రెండిండ్ల వారు కోర్టున కెక్కుదురు. గనిలో గట్టు తప్పుగా కొలిచినచో ఏమగునో వినుడు. 2002 జులై 24న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వీక్రీకు గనిలో పనివారు బొగ్గు కోయుచుండిరి. ప్రక్కనే 1963లో విడిచిపెట్టిన పాతగని నీటితో నిండియున్నది. తమ చేతనున్న పటమును బట్టి ఆ పాతగని ఇంకను 300 అడుగుల దూరమున నున్నదని వారు నమ్మిరి. యంత్రము గోడను తాకగానే పాతగని నీరు విరుచుకొని పడెను. సగము మంది తప్పించుకొనిరి. తొమ్మండుగురు భూమిలో చిక్కిరి. పైనుండి రంధ్రము తొలిచి ముందు గాలిని పంపి, పిదప మనిషి పట్టునంత గొట్టములో ఒక్కొక్కరిని పైకి లాగి, 77 గంటల తరువాత తొమ్మండుగురిని ప్రాణములతో తీసిరి. వారి చేతనున్న పటము పాతగని మూతపడక ముందటిది. మూతపడు నాటికి ఎంత త్రవ్విరో తెలుపు చివరి పటము, మరణించిన ఒక గనుల తనిఖీదారుని కుటుంబమువారి యొద్ద నుండి సమీప పట్టణపు బొగ్గు ప్రదర్శనశాలకు చేరియున్నట్లు పిమ్మట బయటపడెను. కాగితము ఉన్నది. చూడవలసిన కంటికి అందలేదు. గ్రంథాలయ సభలో నిలిచి ఈ కథ చెప్పుటకు వేరు కారణము కావలయునా? కాగితమును భద్రపరచుట, అడిగినవానికి అందునట్లు పట్టికలో నెక్కించుట ప్రాణదానముతో సమానమగు సందర్భములు లోకమున గలవు.

రెండవది గాలి. భూగర్భ గనిలో గాలి దానంతట వచ్చునది కాదు, పంకాలతో త్రోలి, తలుపులతో మళ్లించి, ప్రతి మూలకు పంపవలసినది. మన దేశపు బొగ్గు గనుల నియమముల ప్రకారము లోపల నున్న ప్రతి మనిషికి నిమిషమునకు కనీసము 6 ఘనపు మీటర్ల గాలి అందవలెను. ఆ గాలిలో ప్రాణవాయువు నూటికి 19 పాళ్లకు తగ్గరాదు, బొగ్గుపులుసు వాయువు అరపాలు మించరాదు. బొగ్గునుండి వెలువడు మీథేను మరింత ప్రమాదకరమైనది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి సుమారు 5 నుండి 15 పాళ్ల వరకున్నచో నిప్పురవ్వ తగులగానే ప్రేలును. కావున 1.25 పాళ్లు కనబడగానే విద్యుత్తు ఆపి మనుష్యులను వెలుపలికి పంపవలెనని శాసనము. 1815లో హంఫ్రీ డేవీ సన్నని తీగవల చుట్టిన దీపమును కనిపెట్టెను. మీథేను కలిసినచో ఆ దీపశిఖ చుట్టును నీలిరంగు టోపీ వంటి జ్వాల యేర్పడును, దాని యెత్తును బట్టి వాయువెంత యున్నదో చెప్పుదురు. నేడు విద్యుత్ పరికరములు వచ్చినను, కనబడనిదానిని కొలిచి నమ్ముట యను ఆ పాఠము మారలేదు.

మూడవది పైకప్పు. బొగ్గు తీసిన చోట శూన్యము మిగులును. పైనున్న కొండంత బరువు ఆ శూన్యము మీదికి దిగజూచును. స్తంభముల వలె ఎంత బొగ్గును విడువవలెనో, ఎచట ఉక్కు బోల్టులు బిగింపవలెనో లెక్కించుటకు శిలాశాస్త్రము కావలయును. మన భూగర్భ గనుల మరణములలో కప్పు కూలుటవలన కలిగినవే చిరకాలముగా అగ్రస్థానమున నున్నవి. అయితే, కప్పును కఱ్ఱతో తట్టి శబ్దమును బట్టి పగులును గుర్తించు పాత సర్దారు చెవి యే పుస్తకమునందును దొరకదు. డిగ్రీతో క్రొత్తగా దిగిన పిల్లవాడు ఆ సర్దారును 'అన్నా' అని పిలిచి ప్రక్కన నిలిచి నేర్చుకొనవలెను. అంశుమంతుడు దిగ్గజములకు మ్రొక్కుట యన నిదియే.

ఉపరితల గనులు వచ్చినవి గదా, వానిలో భయమేమి యని యడుగువారున్నారు. సింగరేణి బొగ్గులో అధిక భాగము నేడు ఉపరితల గనుల నుండియే వచ్చుచున్నమాట నిజము. కాని 2016 డిసెంబరు 29న జార్ఖండులోని లాల్‌మటియా ఉపరితల గనిలో మట్టిగుట్ట జారిపడి 23 మంది మరణించిరి. గుట్టను ఎంత వాలుగా పేర్చవలెను, వాననీరు ఎటు పోవలెను అను లెక్క అచటను తప్పదు.

ఇన్ని చదివి పరీక్షలో ఉత్తీర్ణుడైనంత మాత్రమున గనికి అధికారి కాడు. ఈ సంగతి తల్లిదండ్రులు ముఖ్యముగా గ్రహింపవలెను. కళాశాల పిమ్మట గనిలో శిక్షణ పొందవలెను. అటుపిమ్మట ధన్‌బాదులోని గనుల భద్రతా డైరెక్టరేటు వారి పరీక్షలకు కూర్చుండవలెను. సర్దారు, ఓవర్‌మన్, సర్వేయరు, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు అని ఆ పత్రములకు వరుస కలదు. ప్రథమచికిత్స, వాయువులను పరీక్షించుట వచ్చినట్లు వేరుగా పత్రములు పొందవలెను. విశ్వవిద్యాలయము ఇచ్చు పట్టా చదువునకు సాక్ష్యము మాత్రమే. మనుష్యులను భూమిలోనికి పంపు అధికారము ఈ పత్రముల వలననే సిద్ధించును.

ఆ అధికారము సంతకమున నున్నది. గనిలో తనిఖీ చేసినవాడు పుటల సంఖ్య వేసి కుట్టిన పుస్తకమున తాను చూచినది వ్రాసి సంతకము చేయవలెను. గాలి సరిగా నున్నది, కప్పు సరిగా నున్నది, వాయువు ఇంత యున్నది అని వ్రాయును. పుటల సంఖ్య వేసిన పుస్తకమనగానే నాకు చుట్టరికము తోచినది. సంఖ్య ఎందుకు వేయుదురు? నడుమ కాగితమును చింపి వేరొకటి చేర్పకుండుటకు. నా పుస్తకమున తప్పుడు అంకె వ్రాసినచో సంఘమునకు రూపాయలు నష్టము, ఆడిటరు వచ్చినపుడు అది బయటపడును, సొమ్ము కట్టించుకొందురు. గని పుస్తకమున, పోయి చూడకయే చూచితినని వ్రాసినచో ఆ పుటను నమ్మి నూరుమంది రాత్రి షిఫ్టునకు దిగుదురు. ఆ తప్పునకు ఆడిటు వేరు విధముగా జరుగును. సొమ్ము కట్టి తీర్పదగిన ఋణము కాదది.

నేను మిమ్ము భయపెట్టుటకు చెప్పుట లేదు గాని, లెక్క చెప్పక తప్పదు. 1965 మే 28న ధోరీ గనిలో ప్రేలుడు వలన 268 మంది, 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో నీరు చొచ్చుకొని 375 మంది ప్రాణములు గోల్పోయిరి. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న నీరు చొచ్చుకొని 17 మంది మరణించిరి. గనుల చట్టము 1901, 1923, 1952 సంవత్సరములలో మాటిమాటికి మార్పు చెందుట ఇట్టి దుఃఖముల వలననే. 1952 నాటి చట్టము ఇప్పుడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో లీనమైనది. విద్యార్థులు చట్టపు పాఠమును విసుగుతో చదువుదురని విన్నాను. ఆ నియమములలో ఒక్కొక్కటి ఏ కుటుంబపు కన్నీటితో వ్రాయబడినదో తెలిసినవాడు విసుగుకొనడు.

చదువు ప్రాణములను నిలిపిన కథలును గలవు. 1989 నవంబరు 13న పశ్చిమ బెంగాలున రాణీగంజి దగ్గర మహావీర్ గనిలోనికి నీరు పొంగివచ్చెను. ఆరుగురు మరణించిరి, 65 మంది లోపల చిక్కుకొనిరి. ధన్‌బాదులో చదివిన జస్వంత్ సింగ్ గిల్ అను ఇంజనీరు ఒక ఉపాయము చెప్పెను. వారున్న చోటికి సరిగా పైనుండి రంధ్రము తొలిచి, ఒక మనిషి నిలువగల ఇనుప గొట్టమును దగ్గరి కర్మాగారములో చేయించి దింపవలెను. ఎచట తొలువవలెను? మరల సర్వే, మరల పటము! అడుగు తప్పినచో రంధ్రము రాతిలో పోవును. గొట్టము సిద్ధమైన పిమ్మట దానిలో ఎవరు దిగవలెనను ప్రశ్న వచ్చెను. గిల్ స్వయముగా దిగెను. 65 మందిని ఒక్కొక్కరిని పైకి పంపి, నవంబరు 16న తాను కడపట వచ్చెను. దానికి ఆయనకు సర్వోత్తమ జీవన రక్షా పదకము లభించెను. 2019లో ఆయన స్వర్గస్థుడయ్యెను.

ఆ కథ చదివినపుడు నాకు లాక్షాగృహము జ్ఞప్తికి వచ్చెను. విదురుడు పాండవుల కడకు ఒక ఖనకుని పంపెను. అతడు నేర్పుగా సొరంగము త్రవ్వి, దాని ద్వారమును నేలతో సమముగా తలుపులతో కప్పి, వచ్చినట్లే వెడలిపోయెను. పాండవు లందరును ఆ సొరంగమున బయటపడినవారే. కాని భారతమున ఆ ఖనకుని పేరైన లేదు. 2023 నవంబరులో ఉత్తరాఖండమున సిల్క్యారా సొరంగము కూలి 41 మంది పనివారు పదునేడు దినములు లోపల నుండిరి. విదేశీ యంత్రము విరిగిపోయిన పిదప, మిగిలిన కొలది మీటర్లను చేతి పనిముట్లతో త్రవ్వి వారిని వెలికితెచ్చినవారు ఎలుక బొరియల వంటి గనులలో పనిచేసి బ్రతికిన బీదలు. ఇంజనీరు యొక్క లెక్క, ఖనకుని చేయి, రెండును కలిసిననే మనిషి బయటపడును. గనుల విద్య చదువు పిల్లవాడు ఈ రెండవదానిని గౌరవింపనిచో అతని చదువు సగమే.

ఇప్పుడు ఆ తల్లి శంకలకు వత్తును. ప్రమాదమున్నదా? ఉన్నది. దుమ్మువలన ఊపిరితిత్తులకు వచ్చు వ్యాధికి నేటికిని పూర్తిగా నయముచేయు మందు లేదు. దుమ్ము నీటితో అణచుట, ముసుగు ధరించుట, ఏటేట పరీక్షించుకొనుటయే రక్ష. ఇవి సరిగా జరుగునట్లు చూడవలసినవాడు ఆ చదువు చదివినవాడే. చదివినవాడు దిగకున్నచో గనులు ఆగిపోవు. చదువనివాడు దిగును. నాకు ఈ మాటయే గట్టిగా తోచినది.

బొగ్గునకు భవిష్యత్తున్నదా యని తండ్రులడుగుదురు. సూర్యకాంతితో విద్యుత్తు చేయు కాలము వచ్చినది, బొగ్గు వాడుక ఎల్లకాలము ఇట్లే యుండదు. గనులు చచ్చును. కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అచట తరతరములుగా పనిచేసినవారిలో మన తెలుగువారును గలరు. కావున ఒక్క బొగ్గునే నమ్ముకొని చదువరాదు. విద్యుత్ బండ్లకు రాగి, లిథియము కావలయును, సిమెంటునకు సున్నపురాయి కావలయును. చీమకుర్తి గ్రానైటు, మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియము మన చెంతనే యున్నవి. సొరంగ మార్గములకును ఇదే విద్య అక్కరకు వచ్చును. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు సొరంగము కూలి ఎనమండుగురు చిక్కినపుడు సింగరేణి రక్షకదళము వారును పోయి శ్రమించిరి.

ఊళ్ల సంగతి యేమి? ఉపరితల గనికి పొలములు పోవును, ఊరు కదలును, బావులలో నీరు దిగును. రైతుబిడ్డ యీ విద్య చదివినచో ఆ బాధ అతనికి వేరుగా చెప్పనక్కరలేదు. పైమన్నును వేరుగా దాచుట, గని మూసినపుడు నేలను మరల పూడ్చి చెట్లు నాటుట, ఇవి అతని పాఠ్యాంశములే. పాఠములో నున్నది పొలములో జరుగుచున్నదా యని అడుగువాడు మనలోనుండి పోవలెనని నా కోరిక.

ఆడపిల్లల మాట. 1952 నాటి చట్టము వారిని భూగర్భ గనులలోనికి రానీయలేదు. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ పనులకు ఆ తలుపు తెరచినది. 2021లో సింద్రీలో చదివిన ఒక యువతి జార్ఖండులోని చూరీ భూగర్భ గనిలో ఇంజనీరుగా చేరినది. మన యూరి బాలికలు కూడ ఈ వార్త వినవలెను.

యువకులారా, మీకు మూడు మాటలు. జీతము కొరకే ఈ విద్యకు పోవలదు. జీతము తగినదే, కోరదగినదే, కాని చీకటిలో తెల్లవారుజామున మూడవ మైలు నడచి కప్పును తట్టి చూచుటకు అది ఒక్కటియే చాలదు. చూడనిదానిని చూచితినని వ్రాయు అలవాటు మీలో నున్నచో, ప్రయోగశాల నోటుపుస్తకమును పొరుగువాని నుండి ఎక్కించుకొను అలవాటున్నచో, మరియొక విద్య నెంచుకొనుడు. ఈ వృత్తికి మొదటి అర్హత నిజము వ్రాయు చేయి. తుదకు, పై అధికారి "ఈ పూటకు పని ఆపవద్దు" అన్నను, "లోపల వాయువున్నది, మనుష్యులను పంపను" అని చెప్పగల నోరు కావలయును. దానిని ఏ కళాశాలయు నేర్పదు. ఇల్లును, ఊరును నేర్పవలెను.

తల్లిదండ్రులారా, పిల్లవాడు గట్టిగా కోరినచో అడ్డుపడకుడు. కళాశాలకు అనుమతులున్నవా, అధ్యాపకులున్నారా, శిక్షణకు గనులు దగ్గర నున్నవా యని ముందు విచారింపుడు. దళారి మాట నమ్మక, గనిలో పనిచేసి వచ్చినవాని మాట వినుడు. కార్యవర్గమువారికి కూడ ఒక విన్నపము. భూగర్భ శాస్త్రమును గూర్చి తెలుగున నున్న పుస్తకముల నొక బీరువాలో చేర్చుడు. మన యూరి పాత పటములు, చెరువు కొలతలు, బావుల లోతులు ఎవరి ఇంట చెదలు పట్టుచున్నను తెచ్చి ఇచట పట్టికలో నెక్కించుడు. ఏనాడు ఎవరి కక్కర పడునో చెప్పజాలము.

దీపము క్రింద కూర్చుండి చదువుకొనువారి కొరకు ఈ గ్రంథాలయము పుట్టినది. దీపము పట్టుకొని భూమిలోనికి దిగువారిని సైతము ఇది తయారు చేయుగాక. దిగిన ప్రతివాడును క్షేమముగా పైకి వచ్చుగాక.